మాగ్డెబర్గ్ నుంచి ప్రాగ్–వియన్నా–బుడాపెస్ట్ స్టూడెంట్ బస్సు టూర్: డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

చలికోటు
అందరికీ నమస్తే. ఇక్కడ మాగ్డెబర్గ్‌లో విద్యార్థి సంఘం వాళ్ళు పెంటెకోస్ట్ సెలవుకి బస్సు టూర్ పెట్టారు. కరపత్రంలో ఉన్నది ఇంతే: "5 రోజులు, 3 రాజధానులు. శుక్రవారం రాత్రి 11కి బయల్దేరి మంగళవారం మధ్యాహ్నానికి వాపసు. బస్సు, హాస్టల్ 2 రాత్రులు, నగర నడక కలిపి." మేం నలుగురం చేరదామనుకుంటున్నాం. ఒకడి రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌లో ఉంది. లండన్‌లో చదివే స్నేహితుడు కూడా వచ్చి కలుస్తానంటున్నాడు. నిర్వాహకుల్ని ఏమేం అడగాలి?

ఎల్బే గట్టు
ఊళ్ళ పేర్లు పక్కనబెట్టి గంటలు లెక్కపెట్టు తమ్ముడూ. శుక్రవారం నుంచి మంగళవారం దాకా రాత్రులు నాలుగు, హాస్టల్ రెండే. మిగతా రెండూ బస్సు సీట్లోనే. ఊరు చూడ్డానికి దక్కే పగళ్ళు శని, ఆది, సోమ, మూడే. "5 రోజులు" అనేది అమ్మకం లెక్క.

ఇప్పుడు దూరాలు చూడు. మాగ్డెబర్గ్–ప్రాగ్ సుమారు 390 కి.మీ., ప్రాగ్–వియన్నా 330, వియన్నా–బుడాపెస్ట్ 240, బుడాపెస్ట్ నుంచి బ్రాటిస్లావా, బ్ర్నో మీదుగా వెనక్కి 900 పైనే. టూరిస్టు బస్సుకి సగటున గంటకి 75–80 కి.మీ. వేసుకో, ఆగేవి విడిగా.

రాత్రి 11కి బయల్దేరితే ప్రాగ్‌లో తెల్లవారుజామున నాలుగున్నర, ఐదుకి దింపుతారు. హాస్టల్ చెక్‌-ఇన్ సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు తర్వాతే. ఆ పది గంటలూ సామాను ఎక్కడ, మొహం కడుక్కునేది ఎక్కడ? మొదట అడగాల్సింది ఇదే. "బస్సులో ఉంచొచ్చు" అంటే నమ్మకు. రాత్రంతా నడిపిన డ్రైవర్ పొద్దున్నుంచి విశ్రాంతిలోకి వెళ్ళాలి, బస్సు ఊరి బయట పార్కింగ్‌లో ఉంటుంది. శనివారం తిరుగుడంతా కాలినడక, ట్రామే.

డ్రైవర్ గంటల సంగతి టూర్‌కి వెళ్ళే ప్రతి ఒక్కరికీ తెలియాలి. యూరోపియన్ యూనియన్ 561/2006 నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. రోజుకి 9 గంటలే నడపాలి, వారంలో రెండుసార్లు 10 దాకా పోవచ్చు. రోజువారీ విశ్రాంతి 11 గంటలు, రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లు మాత్రం 9కి తగ్గించొచ్చు. అంటే పనిలోకి దిగిన క్షణం నుంచి మామూలుగా 13, మహా అయితే 15 గంటల్లో బస్సు ఆగిపోవాలి. ఇదంతా బండిలోని టాకోగ్రాఫ్‌లో నమోదవుతుంది. పట్టుబడితే జరిమానా డ్రైవర్‌కీ, కంపెనీకీ.

దీన్ని మీ ఆదివారానికి అన్వయించు. ప్రాగ్‌లో ఏడున్నరకి డ్రైవర్ ఎక్కితే వియన్నా చేరేసరికి పన్నెండున్నర, ఒంటిగంట. అక్కణ్ణుంచి సాయంత్రం ఏడుకి కదిలితే బుడాపెస్ట్ రాత్రి పది. అప్పటికే పద్నాలుగున్నర గంటలు. ఇక చేతిలో మిగిలేది అరగంట. వియన్నాలో ఎవడో సెల్ఫీలు దిగుతూ నలభై నిమిషాలు ఆలస్యం చేస్తే లెక్క మొత్తం చెడుతుంది. అందుకే "పది నిమిషాలు చూసి వెళ్ళిపోతాం" అని రాస్తారు, నిజంగానే వెళ్ళిపోతారు.

వెనక్కి వచ్చేటప్పుడు 900 కి.మీ. అంటే నడిపే సమయమే పదకొండు, పన్నెండు గంటలు. ఒక్క డ్రైవర్‌తో అది చట్టప్రకారం కుదరదు. "తిరుగు ప్రయాణానికి ఇద్దరు డ్రైవర్లా? రెండోవాడు ఎక్కడ ఎక్కుతాడు?" అని రాసి అడగండి. జవాబు తడబడితే ఆ టూర్ పథకం కాగితం మీద కూడా సరిగా వెయ్యలేదన్నమాట.

కాగితాల పెట్టె
ఎల్బే గట్టు గారు దారి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ గానీ, చెల్లుబాటులో ఉన్న డి-రకం (దీర్ఘకాల) జాతీయ వీసా గానీ ఉంటే మిగతా షెంజెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తిరగొచ్చు. వేరే వీసా అక్కర్లేదు. చెక్, ఆస్ట్రియా, హంగరీ మూడూ షెంజెనే. కానీ పాస్‌పోర్టు, కార్డు రెండూ ఒరిజినల్ వెంట ఉండాలి. జిరాక్సులు, ఫోన్లో ఫొటోలు అదనపు జాగ్రత్త మాత్రమే, వాటితో పని జరగదు.

"షెంజెన్ లోపల తనిఖీ ఎక్కడుంటుందిలే" అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటా తనిఖీలు పెట్టి పొడిగిస్తూ వచ్చింది. ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ వైపు వచ్చే బస్సుల్ని పక్కకి ఆపి పోలీసులు లోపలికెక్కి ఒక్కొక్కరి కాగితాలూ చూస్తారు. అది తెల్లవారుజామునే పడుతుంది. కార్డు బస్సు అడుగున సూట్‌కేసులో పెట్టినవాళ్ళ వల్లే మొత్తం బండికి ఆలస్యం. నడుముకో మెడకో కట్టుకునే సంచిలో పెట్టుకోండి.

హంగరీలో ఇంకోటుంది. 2021 నుంచి అక్కడ హోటళ్ళు, హాస్టళ్ళు వచ్చిన ప్రతి అతిథి గుర్తింపు పత్రాన్ని యంత్రంలో స్కాన్ చెయ్యాలి. పాస్‌పోర్టు చేతిలో లేకపోతే గది తాళం ఇవ్వరు.

రెన్యువల్‌లో ఉన్న అబ్బాయి సంగతి: చేతికొచ్చిన ఫిక్షన్స్ బెషైనిగుంగ్ (రెన్యువల్ తేలేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రం) కాగితం ఏ ఉపవిభాగం కింద ఇచ్చారో చూడమనండి. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ ఉపవిభాగమైతే, గడువు తీరిన పాత కార్డుతో కలిపి చూపిస్తే తిరిగి జర్మనీలోకి రానిస్తారు. 3వ ఉపవిభాగమైతే దేశం దాటొద్దు, తిరిగి ప్రవేశించే హక్కు దానికి లేదు. ఇక కాగితమే రాలేదు, "అప్లికేషన్ అందింది" అనే ఈమెయిల్ మాత్రమే ఉంది అంటే ఈ టూర్ మానుకోవడమే. 4వది ఉన్నా కూడా ప్రయాణ తేదీలు, దేశాలు రాసి విదేశీయుల ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకుని ప్రింట్ తీసి పెట్టుకోవడం మంచిది.

ఆరోగ్య బీమా: టీకే, ఏఓకే లాంటి ప్రభుత్వ బీమా కార్డు వెనకవైపే యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు. ఈ మూడు దేశాల్లోనూ పనిచేస్తుంది. కాకపోతే అది ప్రభుత్వ వైద్యానికే. ప్రైవేటు క్లినిక్ బిల్లు, రోగిని జర్మనీకి తరలించే ఖర్చు అందులో రావు. విదేశీ ప్రయాణ బీమా ఏడాదికి పది, ఇరవై యూరోల్లో దొరుకుతుంది, తీసుకోండి. ముందుముందు స్విట్జర్లాండ్ టూర్ పెడితే గుర్తుంచుకోండి: మనలాంటి యూరోపేతర పౌరులకి ఆ కార్డు స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీష్టెన్‌స్టైన్‌లలో చెల్లదు.

ఓరుగల్లు పోరడు
గింత తిప్పలెందుకన్నా? నలుగురున్నరు గదా, సొంతంగ పోవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్ బండ్ల నెల పాసు) తోని లైప్‌జిగ్‌ల బండి మారి డ్రెస్డెన్ దాంక పైసా పెట్టకుంట పోతరు. ఆడికెళ్ళి ప్రాగ్‌కు రైల్ల అయినా బస్సుల అయినా రెండున్నర గంటలే. నచ్చినకాడ ఆగచ్చు, నచ్చకుంటే లేవచ్చు. యాభై మందిల ఒకడు బాత్రూంకు పోతే అందరు నిలబడే టూర్ల ఏముంటది మజా?

ఎల్బే గట్టు
ఒక్క ప్రాగ్‌కైతే నీ మాటే రైటు పోరడా, ఒప్పుకుంటున్నా. ప్రాగ్, వియన్నా రెండే అయినా సొంతంగానే మేలు. కానీ మూడో ఊరు కలిపితే బుడాపెస్ట్ నుంచి వెనక్కి రావడం దగ్గర పడుతుంది దెబ్బ. పెంటెకోస్ట్ సోమవారం సాయంత్రం అందరూ ఒకేసారి తిరుగుముఖం పడతారు. ఆలస్యంగా కొంటే ఆ టికెట్టే మిగతా ఖర్చంతటితో సమానమవుతుంది. పోల్చేటప్పుడు టూర్ ధరలో ఏం కలవలేదో కూడా కూడాలి: భోజనాలు, ఊళ్ళో ట్రామ్ టికెట్లు, లోపలికి వెళ్ళే ప్రవేశ రుసుములు, ఊరి పన్ను. ప్రాగ్‌లో ఆ పన్ను మనిషికి రాత్రికి 50 కొరునాలు, చాలాచోట్ల హాస్టల్ కౌంటర్లోనే కట్టించుకుంటారు. "నగర నడక కలిపి" అంటే బయట నుంచి చూపించడమే. కోట లోపలికి, పార్లమెంటు లోపలికి కాదు.

థేమ్స్ ఒడ్డు
లండన్ స్నేహితుడి గురించి. బ్రిటన్ స్టూడెంట్ వీసాతో షెంజెన్‌లో అడుగు పెట్టలేరు, విడిగా షార్ట్ స్టే వీసా కావాలి. ఫీజు 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, వీసా సెంటర్ సర్వీసు చార్జీ దానికి అదనం. అప్లికేషన్ ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఇంకేమైనా అడిగితే 45 దాకా సాగొచ్చు. అసలు ఇబ్బంది ఈ రోజులు కాదు, అపాయింట్‌మెంటు. వసంతం, వేసవి తేదీలు ముందే నిండిపోతాయి. టూర్ సీటు తర్వాత, ముందు స్లాట్ చూడమనండి.

ఏ దేశానికి పెట్టాలన్నదే చాలామంది తప్పేది. ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మీ టూర్‌లో ప్రాగ్ ఒక రాత్రి, బుడాపెస్ట్ ఒక రాత్రి, వియన్నాలో ఒక పూట. ముందూ వెనకా మాగ్డెబర్గ్‌లో మీతో రెండు, మూడు రోజులుంటే జర్మనీదే ఎక్కువ, దిగేదీ జర్మనీలోనే, కాబట్టి అప్లికేషన్ జర్మనీకి. అపాయింట్‌మెంటు దొరికిందని హంగరీకి పెట్టి, కాగితాల్లో జర్మనీ రోజులు ఎక్కువ చూపిస్తే తిరస్కరిస్తారు.

నిర్వాహకుల నుంచి తెప్పించుకోవాల్సింది రోజువారీ ప్రణాళిక, రెండు హాస్టళ్ళ పేరు చిరునామాలు, ఇతని పేరుతో సీటు ఖాయమైన పత్రం. "హాస్టల్ తర్వాత చెప్తాం" అనే టూర్‌తో వీసా రాదు. బీమా 30,000 యూరోలకి తగ్గకూడదు. పాస్‌పోర్టు గత పదేళ్ళలో ఇచ్చినదై, షెంజెన్ వదిలే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

ఇతనికి సరిహద్దులో కొత్త ఈఈఎస్ (రాకపోకల నమోదు) పద్ధతి కూడా వర్తిస్తుంది, వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. 2025 అక్టోబర్ 12న మొదలైంది. జర్మనీ పర్మిట్ ఉన్న మీ నలుగురికీ అది లేదు. విమానం దిగిన రాత్రే 11 గంటల బస్సు పట్టుకునేలా టికెట్ తీసుకోవద్దనండి, ఒకరోజు ముందే వస్తే మంచిది. తిరుగు విమానానికి ముందు బ్రిటన్ ఈ-వీసా ఖాతాలో ఇప్పటి పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో చూసుకోమనండి. పాస్‌పోర్టు మార్చుకుని అక్కడ మార్చనివాళ్ళని చెక్‌-ఇన్ కౌంటర్ దగ్గర ఆపేస్తారు.

షరతుల శాస్త్రి
ఎవరూ అడగలేదు గానీ అన్నిటికన్నా ముందు తేలాల్సింది, డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది? రెండు రకాలుంటాయి. సంఘం పేరు పెట్టుకుని వెనక ట్రావెల్ కంపెనీ నడిపేది ఒకటి. సంఘమే బస్సు అద్దెకి తీసుకుని నడిపేది ఇంకొకటి.

కంపెనీ అయితే యూరోపియన్ ప్యాకేజీ ప్రయాణ నిబంధన 2015/2302 మీకు రక్ష. సరిపడా మంది చేరలేదని రద్దు చేస్తే, రెండు నుంచి ఆరు రోజుల టూర్‌కి కనీసం 7 రోజుల ముందు చెప్పాలి. డబ్బు 14 రోజుల్లో వెనక్కివ్వాలి. మీరు వెళ్ళలేకపోతే 7 రోజుల ముందు తెలియజేసి సీటు ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చు, పేరు మార్పిడికి అయ్యే అసలు ఖర్చు మాత్రం మీదే. ధర 8 శాతం మించి పెంచితే జరిమానా లేకుండా తప్పుకోవచ్చు. కంపెనీ దివాలా తీస్తే డబ్బు తిరిగొచ్చేలా జిషెరుంగ్స్‌షైన్ అనే హామీ పత్రం ఇవ్వాలి. అది చేతికి రాకుండా అడ్వాన్సు కట్టొద్దు. అడ్వాన్సు మామూలుగా 20 శాతం దాకానే, మిగతాది ప్రయాణానికి ముందు ఆఖరి నెలలోనే.

సంఘం లాభాపేక్ష లేకుండా, అప్పుడప్పుడు, తమ పరిమిత బృందానికే పెట్టే టూర్లు ఆ నిబంధన పరిధిలోకి రావు. అవి చవక, కానీ మీ చేతిలో ఉండేది వాళ్ళ షరతుల కాగితం ఒక్కటే. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత కోత అన్నది అందులో రాసుండాలి. ఎవరో ఒక విద్యార్థి సొంత ఖాతాకి పంపమంటే, రసీదు లేకపోతే, దూరం జరగండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 14 రోజుల్లో ఊరికే వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది కదా అని చాలామంది బుక్ చేస్తారు. ప్యాకేజీ టూర్లకి అది లేదు.

పోపుడబ్బా
తిండి సంగతి నేను చెప్తా. బస్సులో వేడి భోజనం, ఘాటు వాసన చాలామంది డ్రైవర్లు ఒప్పుకోరు. మొదటి రోజుకి చింతపండు పులిహోర బెస్టు, పొద్దున చేస్తే మర్నాటి ఉదయం దాకా నిలుస్తుంది. పెరుగన్నం, కొబ్బరన్నం వద్దు, హీటర్ వేసిన బస్సులో పులిసిపోతాయి. చపాతీలు, కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు పట్టుకెళ్ళండి. పచ్చడైతే నూనె వంపేసి చిన్న సీసాలో, మూతకి టేపు వేసి.

ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్ళి హాస్టల్ గదిలో పెట్టడం మాత్రం చెయ్యకండి. ఆవిరికి పొగ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, ఆ బిల్లు గదికే వేస్తారు. అందరికీ ఉమ్మడి వంటగది ఉందా అని ముందే అడిగితే సరిపోతుంది.

శాకాహారులకి ప్రాగ్‌లో స్మజెనీ సీర్ అనే వేయించిన జున్ను, బుడాపెస్ట్‌లో లాంగోష్ దొరుకుతాయి. లాంగోష్ మన పూరీని నాలుగింతలు చేసినట్టుంటుంది, పైన వెల్లుల్లి, జున్ను. కొన్ని కొట్లలో పంది కొవ్వులో వేయిస్తారు, అడిగి తినండి. హంగరీ చిక్కుడుగింజల సూప్‌లో పొగబెట్టిన పంది మాంసం మామూలే, పేరు చూసి మోసపోవద్దు.

సెలవులు కూడా చూసుకోండి. ఆదివారం వియన్నాలో సూపర్‌మార్కెట్లు మూత, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. పెంటెకోస్ట్ సోమవారం హంగరీలోనూ సెలవే. నీళ్ళు కొనక్కర్లేదు, మూడు ఊళ్ళలోనూ కుళాయి నీళ్ళు తాగొచ్చు.

చలికోటు
థాంక్సండీ అందరికీ. నిర్వాహకుల్ని అడిగితే "డ్రైవర్లు ఇద్దరు, రెండోవాడు బుడాపెస్ట్‌లో ఎక్కుతాడు, ప్రాగ్ హాస్టల్లో లగేజి గది పొద్దున్నుంచే తెరుస్తారు" అన్నారు. డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి? స్టూడెంట్ తగ్గింపులు మనకి వస్తాయా?

చిల్లర నాణేలు
మంచి జవాబులే. అవే ఈమెయిల్‌లో కూడా రాసిమ్మను.

చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్, ఆస్ట్రియాలో యూరో. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది, నగదు కొద్దిగా చాలు. ఏటీఎమ్‌లో గానీ కొట్లో మెషీన్ మీద గానీ "యూరోల్లో చెల్లిస్తారా, కొరునాల్లోనా" అని అడిగితే ఎప్పుడూ ఆ ఊరి కరెన్సీయే నొక్కు. యూరో నొక్కితే మారకం రేటు ఆ మెషీన్‌వాడు వేస్తాడు, నీ బ్యాంకు కాదు. బ్యాంకు ఏటీఎమ్‌నే వాడు, పర్యాటకుల వీధుల్లో గోడకి తగిలించినవి వద్దు. ప్రాగ్‌లో మారకం కొట్టువాడు మోసపు రేటు ఇచ్చాడనిపిస్తే రసీదు పట్టుకుని 3 గంటల్లోపు వెనక్కి వెళ్ళు. 1,000 యూరోల లోపు మార్పిడిని రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది.

ట్రామ్, మెట్రో కాగితం టికెట్ కొంటే సరిపోదు, ప్రాగ్‌లోనూ బుడాపెస్ట్‌లోనూ మెట్రో అయితే లోపలికి వెళ్ళేముందు, ట్రామ్ అయితే ఎక్కగానే మెషీన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ అంటే టికెట్ లేనట్టే. తనిఖీవాళ్ళు పర్యాటకుల్నే పట్టుకుంటారు, "తెలీదు" అంటే వదలరు.

తగ్గింపులు మూడు రకాలు: వయసు, విద్యార్థి కార్డు, పౌరసత్వం. వియన్నాలో షోన్‌బ్రున్ లాంటి చోట్ల విద్యార్థి కార్డుకి తగ్గుతుంది, వయసు పరిమితి ఉంటుంది. బుడాపెస్ట్ పార్లమెంటు టికెట్ యూరోపియన్ పౌరులకి చవక, మన పాస్‌పోర్టుకి ఎక్కువ. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంల 2 యూరోల టికెట్ కూడా అంతే. పారిస్ లూవ్ర్‌లో మాత్రం 26 ఏళ్ళ లోపు యూరప్ నివాసులకి ఉచితం, అక్కడ జర్మనీ కార్డు చూపిస్తే చాలు, కానీ సమయం ముందే బుక్ చెయ్యాలి. బుడాపెస్ట్‌లో చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు, మీరు ఉండేది ఆ రోజే. కాబట్టి సేచెనీ వేడినీళ్ళ స్నానశాలలు, కోట గుట్ట, దన్యూబ్ ఒడ్డు. స్నానాలకి తువ్వాలు, రబ్బరు చెప్పులు పట్టుకెళ్ళు, అక్కడ అద్దె ఎక్కువ.

ఇంకోటి. జర్మనీ రహదారి టాయ్‌లెట్లు చాలావాటికి 1 యూరో, చీటీ ఇస్తారు, ఆ ఆవరణలో కొట్లో వాడుకోవచ్చు. బస్సులో టాయ్‌లెట్ ఉన్నా తాళం వేసి ఉండొచ్చు. విరామం 45 నిమిషాలంటే ముందు టాయ్‌లెట్, తర్వాత కాఫీ. తిరగేస్తే వరసలోనే అయిపోతుంది సమయం.

ఓరుగల్లు పోరడు
ప్రాగ్‌ల రాత్రి పబ్బుల చుట్టు తిప్పే ప్రోగ్రాం పెట్టిన్రా? పెడితే టైమ్ అడుగు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాంక ఏజెన్సీలు గుంపుల్ని పబ్బులకు తిప్పుడు 2024లనే బంద్ చేసింది ప్రాగ్ నగరపాలక. ఇంక దానికి పైసలు వసూలు చేస్తున్నరంటే జర ఆలోచించు. హాస్టల్ లాకర్లకు తాళం మీరే కొండవోవాలె, చిన్న తాళంకప్ప ఒకటి జేబుల ఏసుకోండ్రి.

చలికోటు
పోగ్రాంలో అది లేదు అన్నా. చివరి ప్రశ్న: ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి. మాలో ఒకతని పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది.

కాగితాల పెట్టె
మనవాళ్ళలో ఇది మామూలే. ఫారంలో ఇంటిపేరు కొత్తగా కల్పించొద్దు, ఇంటిపేరు పొడి అక్షరం కూడా పెట్టొద్దు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు యంత్ర పంక్తులుంటాయి. మొదటి పంక్తిలో పేరు ఏ వరసలో ఉందో అదే వరసలో ఎక్కించాలి. గివెన్ నేమ్ రెండు ముక్కలైతే చివరి ముక్క లాస్ట్ నేమ్ గడిలో వేసి, "పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేదు" అని నిర్వాహకులకి ఈమెయిల్ పెట్టండి. ఒకే ముక్క అయితే రెండు గడుల్లోనూ అదే వెయ్యొచ్చా అని అడిగి వెయ్యండి. పేరు ముద్రించే టికెట్లు ఏమైనా విడిగా కొంటే వాటిలోనూ ఇదే పద్ధతి. బస్సు ప్రయాణికుల జాబితా, హాస్టల్ జాబితా ఆ ఫారం నుంచే తయారవుతాయి కాబట్టి, బుడాపెస్ట్ కౌంటర్లో స్కాన్ చేసినప్పుడు రెండు పేర్లూ కలవాలి.